ఊపిరి తగిలిన గింజలు

ప్రయోగశాలలో ఆమెను అందరూ బొగ్గులక్క అనేవారు. వేల ఏళ్ళ కిందటి పొయ్యిల్లో దొరికిన బొగ్గులు, మాడిన గింజలు కడిగి, ఆరబెట్టి, గాజు గొట్టాల్లో వేసి మూత బిగించడం ఆమె పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో అత్తగారు, "బొగ్గులు కడిగితే జీతమిస్తారటే? మన వంటింట్లోనూ ఉన్నాయి, వచ్చి కడుగు" అని ఊరందరికీ చెప్పి నవ్వింది. నవ్వితే నవ్వనీ, ఆ జీతంతోనే కదా ఇల్లు గడిచింది!

ఆ గొట్టాలు మెషిన్‌లోకి వెళ్తాయి. చెట్టయినా గింజయినా బతికున్నన్నాళ్ళూ గాల్లోంచి రవ్వంత రేడియోకార్బన్ పీల్చుకుంటుంది. చచ్చాక అది తరుగుతూ పోతుంది. ఎంత మిగిలిందో చూసి మెషిన్ వయసు చెబుతుంది. ఆ వయసులన్నీ పోగేసి గీత గీయడం ప్రయోగశాల నడిపే మేడమ్ పని. ఏ కాలంలో పొయ్యిలు ఎక్కువ వెలిగాయో ఆ కాలంలో జనం ఎక్కువ, తక్కువ వెలిగితే తక్కువ. ఆ గీతలో ఒకచోట పెద్ద గుంట. కొన్ని తరాలపాటు ఒక్క పొయ్యీ లేదు. జనమంతా తుడిచిపెట్టుకుపోయారని చరిత్ర పరిశోధించే పెద్దలు తీర్పు చెప్పేశారు.

మేడమ్‌కి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ గుంట కాలానిదనుకున్న మట్టిపొరలోంచి మూడంటే మూడు మాడిన గింజలు దొరికితే, వాటిని పసిపిల్లను అందించినట్టు తెచ్చి బొగ్గులక్క చేతిలో పెట్టింది. "అక్కా, ఇవి ఆ కాలానివే అయితే అక్కడ మనుషులున్నట్టే. ఇంకెక్కడా లేవు, జాగ్రత్త" అంది.

బొగ్గులక్క జాగ్రత్తగానే చేసింది. పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళొచ్చి మరీ పనిలో కూర్చుంది. నెలల తరబడి కడుపులో ఒకటే మంట. డాక్టరు ఒక గొట్టం మాత్ర, అదే క్యాప్సూల్, మింగించి, కాసేపాగి సంచిలోకి ఊదమన్నాడు. ఊదింది, అంతే. తిరిగొచ్చి గింజల మీదికి వంగి, సన్నటి పట్టకారులాంటి చిమటాతో ఒక్కోటీ తీసి గొట్టాల్లో వేసింది.

మధ్యాహ్నం డాక్టరు ఫోన్ చేశాడు. "కడుపులో క్రిమి ఉందమ్మా. మందులు వాడితే పోతుంది, కంగారేం లేదు."

"హమ్మయ్య! అవునూ, ఊదితే ఎలా తెలుస్తుంది సార్?"

"ఆ మాత్రలో రవ్వంత రేడియోకార్బన్ ఉంటుంది. క్రిమి ఉంటే అది ఊపిరిలో బయటికొస్తుంది. మనిషికి ఏమీ కాదులెండి."

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మనిషికి ఏమీ కాదు నిజమే, కానీ వేల ఏళ్ళుగా తరిగి తరిగి అడుగంటిన గింజకు ఆ ఊపిరి వరదే, అసలు వయసు ఇక తేలదు! ఆ గింజ లోపలికి వెళితే మెషిన్ కూడా చెడుతుంది, నెలల తరబడి ఎవరి పనీ సాగదు. ఇలాంటి పరీక్షలుంటే ముందే చెప్పాలని కొత్తగా చేరిన ప్రతివాళ్ళనీ హెచ్చరించేది తనే. అవన్నీ పెద్దాసుపత్రుల్లో ఉండే యవ్వారాలనుకుంది గానీ, సందు చివరి క్లినిక్‌లో గొట్టం మాత్రగా వస్తాయని ఎవరనుకుంటారు?

నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? చెబితే ఉద్యోగం ఊడుతుందేమో, ఇంట్లో ఏం చెప్పాలి? గట్టిగా ఊపిరి పీల్చుకోబోయి, ఆ ఊపిరికే జడిసి నోరు మూసుకుంది. అంతలో మెషిన్ నడిపే పెద్దాయన, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి, గొట్టాల ట్రే కోసం గదిలోకి వచ్చాడు.

"బాబాయ్, ముట్టుకోకు!" అని అరిచింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఏమైందే తల్లీ? పామా?"

"నేనే బాబాయ్! నా ఊపిరే! నువ్వు బయటికెళ్ళు, మేడమ్‌ని పిలు, దగ్గరికి మాత్రం రావద్దను."

వరండా ఆ చివర మేడమ్, ఈ చివర తను. అక్కణ్ణుంచే అంతా చెప్పింది. మేడమ్ ముఖం పాలిపోయింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గదికి తాళం పడింది. ఆమె కుర్చీ, చేతి తొడుగులు, అన్నం డబ్బా కూడా సంచుల్లో కట్టేశారు. నిన్నటిదాకా పక్కన కూర్చుని తిన్నవాళ్ళు గోడకు ఆనుకుని దారిచ్చారు. ఇంటికెళ్ళాక కూతురు ఒళ్ళోకి రాబోతే కసిరింది. "ఏమీ కాదన్నారు కదే!" అని భర్త ఎంత మొత్తుకున్నా రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

కొన్ని వారాల తర్వాత మేడమే వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. బొగ్గులక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మెషిన్‌కి ఏమీ కాలేదక్కా, నువ్వు చెప్పబట్టి బతికిపోయాం. నీ బల్ల మీదా చిమటా మీదా మాత్రం ఆ రేడియోకార్బన్ బాగా ఉంది. కడిగించేశాం."

"గింజలు?"

మేడమ్ తల దించుకుంది. "ఇక వాటిని నమ్మలేం. పారేశాం."

"మరి ఆ మనుషులు, మేడమ్?"

"ఆధారం లేదనే రాయాలి. గుంట గుంటగానే ఉంటుంది."

బొగ్గులక్క గుమ్మానికి ఆనుకుంది. ఎవరో ఒకావిడ పొయ్యి మీద గింజలు మాడబెట్టి, ఇంట్లోవాళ్ళ చేత చివాట్లు తినే ఉంటుంది. అంతకాలం మట్టిలో చెక్కుచెదరకుండా ఉన్న ఆవిడ జాడను తను ఒక్క పూటలో చెరిపేసింది. ఆవిడ నిజంగా ఆ కాలపు మనిషో కాదో కూడా ఇక ఎవరికీ తెలియదు.

"నీ పరీక్షలన్నీ బాగున్నాయి, నీలో ఇప్పుడేమీ లేదు. రేపట్నుంచి పనిలోకి రా అక్కా" అంటూ మేడమ్ చెయ్యి పట్టుకోబోయింది.

బొగ్గులక్క అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని వెనక్కి జరిగింది.