వెతక్కుండా దొరకాల్సిన పువ్వు

బల్‌నమోన ఊరి ఆవుల్ని ఇరవై ఏళ్ళకు పైగా ఓయ్‌రిగ్ కాసింది. తండ్రి పోయాక ఆ పని ఆమెకు వచ్చింది. ఆడమనిషి ఏం కాస్తుందని మొదటి వేసవిలో సణిగినవాళ్ళు రెండో వేసవికి ఆ మాటే మరిచిపోయారు. కొండ అంచు గోడకు ఆనుకుని ఉన్న కాపరి ఇల్లు, దాని వెనక బంగాళాదుంపల మడి, ప్రతి గడప నుంచీ ఏటా వచ్చే ఓట్స్ పిండి, అన్నీ ఆ పనితోనే వస్తాయి, ఆ పనితోనే పోతాయి. ఆవుల్ని ఎవరు కాస్తే ఇల్లు వారిది. అట్లాంటిక్ అంచునున్న మా దక్షిణ యూయిస్ట్ దీవిలో దీన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

ఓయ్‌రిగ్ పొడగరి. తండ్రి బూట్లే తొడుక్కునేది. చేతిలో కర్ర ఉండేది గానీ దానితో ఆవును కొట్టగా చూసినవాళ్ళు లేరు. మనుషులతో కంటే ఆవులతో మాట్లాడేటప్పుడే ఆమె గొంతులో మర్యాద ఎక్కువ. ఎర్రావును పిలిచినట్టు తననూ పిలిస్తే రోజూ కొండెక్కుతానని పక్కింటి టోర్మడ్ ఓసారి అన్నాడు. ఎర్రావు పాలిస్తుంది, నువ్వేమిస్తావని ఆమె అడిగింది.

ఆవులు మేసేచోట కాపరి కళ్ళు నేలమీదే ఉండాలి. అందుకని ఊళ్ళో ఎవరికైనా ఒక మొక్క పేరు కావలసి వస్తే ఆమెనే అడిగేవారు. పేరుతో పాటు అది ఎందుకొచ్చిందో కూడా చెప్పేది. అది చెప్పకపోతే పేరు సగమే చెప్పినట్టని ఆమె లెక్క. మా దీవిలో చెట్లు లేవు. వలలు చివికిపోకుండా కషాయం పట్టించడానికి బెరడు దొరకదు. పూర్వం ఒక చిన్న పసుపు పూల మొక్క వేరు తవ్వి, ఉడకబెట్టి, ఆ కషాయమే పట్టించేవారు. కాబట్టి దాని పేరు నేలబెరడు. కరువు రోజుల్లో రొట్టెకు బదులు తిన్న దుంప ఒకటుంది, కొరికితే పటుక్కుమంటుంది కనుక పటుకుదుంప. బాట మధ్యలో ఎంత తొక్కినా బతికే వెడల్పాటి ఆకు పాట్రిక్ గిన్నె. పునీత పాట్రిక్‌కు దారిలో దాహం వేస్తే అందులోనే నీళ్ళు తాగాడట. అంత చిన్న గిన్నెతో దాహమెలా తీరిందని టోర్మడ్ అడిగితే, పునీతులు కొంచెమే తాగుతారు, నీలాగా కాదు అంది.

తమ్ముడు రూరీ ఆమెతోనే ఉండేవాడు. యుద్ధంలో సరుకు ఓడ మీద పనిచేశాడు. శత్రువులు ఓడను ముంచేస్తే అట్లాంటిక్ మధ్యలో చిన్న పడవలో రోజుల తరబడి గడిపాడు. తిరిగొచ్చాక గోడ పక్కన ఏ పనైనా చేసేవాడు. వలలు బాగుచేసేవాడు, బురదనేలలో కోసి ఎండబెట్టిన పీట్ గడ్డలు పొయ్యిలోకి పేర్చేవాడు, ఇంటి గోడ వీపు వెనకే ఉండేలా నిలబడి దుంపలు తవ్వేవాడు. గోడ దాటి, చుట్టూ ఆకాశం తప్ప ఏమీ లేని చోటుకు వెళితే మాత్రం కాళ్ళు కదిలేవి కావు. నేలమీద కూలబడి, చెమటలు కక్కుతూ గడ్డి పట్టుకునేవాడు. ఊళ్ళో దాని గురించి అతని ముందు ఎవరూ మాట్లాడరు, వెనకా తక్కువే. ఓడల నుంచి తిరిగి రానివాళ్ళు మా ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉన్నారు.

పందొమ్మిది వందల యాభై ఒకటి వసంతంలో యాఖన్ ఆమెను పెళ్ళికి అడిగాడు. ఎరిస్కే దీవికి పడవ నడిపే మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. అతనంటే ఓయ్‌రిగ్‌కు ఇష్టమని ఆవులకు కూడా తెలుసు. కానీ ఆమె పడవెక్కితే కాపరి పని వేరేవాళ్ళకు పోతుంది, పనితో ఇల్లు పోతుంది, ఇంటితో రూరీ ఆనుకునే గోడ పోతుంది. అతన్నీ ఎరిస్కేకి తీసుకెళదామంటే మధ్యలో నీళ్ళున్నాయి. రూరీ ఆవుల్ని కాయగలిగితే ఏ చిక్కూ లేదు. నవంబరులో మార్టిన్ పండుగ దాకా ఆగుతానని యాఖన్ అన్నాడు. ఆ తర్వాత ఏం చేస్తావని ఆమె అడిగింది.

"ఆ తర్వాత నాకు యాభై నిండుతాయి. వంట నేర్చుకుంటా," అన్నాడు.

అప్పుడే ఆమె మనసు చంకపువ్వు మీదకు వెళ్ళింది. పూర్తి పేరు కోలుంకిల్లె చంకపువ్వు, పునీత కోలుంకిల్లె పేరు మీద వచ్చింది. సన్నటి ఎర్రకాడ, ఎర్రటి మొగ్గ, విచ్చితే పసుపు. దాన్ని చంకలో పెట్టుకుంటే భయం, దిగులు దగ్గరకు రావని మా నమ్మకం. అయితే షరతు ఒకటుంది. వెతక్కూడదు. తలవని తలంపుగా కంటపడాలి. వెతికి కోసిన పువ్వుకూ గడ్డిపరకకూ తేడా లేదు. మిగతావాళ్ళకు అది మామూలు షరతే. ఓయ్‌రిగ్‌కు మాత్రం కొండమీద ఆ పువ్వు ఎక్కడెక్కడ ఉందో ఇరవై ఏళ్ళుగా తెలుసు.

ఆ వేసవి ఆమె తలెత్తుకుని నడవడం మొదలుపెట్టింది. నేలను చూడకుండా తిరిగితే ఎక్కడో ఒకచోట అదే ఎదురుపడుతుందని ఆశ. రెండుసార్లు మోకాలిదాకా బురదలో దిగబడింది. దొరసానిలా నడుస్తున్నావేంటి, ఎరిస్కేలో ఇలాగే నడవాలా అని టోర్మడ్ గోడమీంచి అడిగాడు. కొత్త దారుల్లో ఆవుల్ని తోలి చూసింది. దారి కొత్తదైనా కాళ్ళు పాతవే, తెలిసిన చోటుకే తిరిగి తీసుకెళ్ళేవి. ఒకరోజు కూలిన గొర్రెల దొడ్డి వెనక, ఎన్నడూ చూడనిచోట, నిజంగానే ఆ పువ్వు కనిపించింది. వంగింది. వంగుతూండగానే తనకు ఎంత సంతోషమేసిందో గమనించి, ఇది వెతుకులాటే కదా అనుకుంది. కోయకుండా వచ్చేసింది.

విషయం బేహక్ దగ్గరకు వెళ్ళింది. ఊళ్ళో అందరికంటే పెద్దావిడ, ఇలాంటివాటిలో ఆవిడ మాటే తీర్పు. టోర్మడ్ కూడా అక్కడే ఉన్నాడు, ఎవరూ పిలవకుండానే.

"కోరుకోవడం వేరు, వెతకడం వేరు. కోరిక లేనివాడు వంగనే వంగడు. కోసుకోవాల్సింది," అంది బేహక్.

"ఇప్పుడు వెళ్ళి కోసుకురానా?"

"ఇప్పుడెళితే వెతికినట్టే. చోటు తెలిసిపోయిందిగా."

తను వెళ్ళి తెస్తానని టోర్మడ్ అన్నాడు. ఎందుకు కావాలో నీకు తెలుసు కనుక కుదరదని బేహక్ కొట్టిపారేసింది.

"నాకేమీ తెలియనట్టే వెళతానమ్మా."

"నీకేమీ తెలియదని ఊరందరికీ తెలుసు. అయినా కుదరదు."

చివరకు తేలిందేమిటంటే, అవసరం సంగతి తెలియని మనిషెవరైనా తేవాలి. మా ఊళ్ళో అలాంటి మనిషి లేడు.

ఆగస్టులో మిస్ మక్‌ఆస్కిల్ వచ్చింది. పుట్టింది స్కై దీవిలో, ఉద్యోగం ఎడిన్‌బరోలో. ఆమెదీ మా గేలిక్ భాషే, యాస కొంచెం తేడా. దీవుల్లో మొక్కల పేర్లూ అవి పుట్టిన తీరూ పోగుచేస్తోంది. ఎవర్ని అడిగినా కాపరి ఇంటికే పంపారు. ఓయ్‌రిగ్ టీ పోసి, ఓట్స్ రొట్టెకు వెన్న రాసి పెట్టింది. రూరీ పొయ్యి పక్కన వల బాగుచేస్తున్నాడు, కొత్తవాళ్ళుంటే తల ఎత్తడు. ఎడిన్‌బరో మనిషి ఏం తొడుక్కుందో చూడటానికి బేహక్ కూడా వచ్చి కూర్చుంది.

వచ్చినామె సంచిలోంచి ఒక్కో మొక్కా తీసి బల్లమీద పెట్టింది. ఓయ్‌రిగ్ హుషారుగా చెప్పుకుపోయింది. నేలబెరడు తమ దగ్గరా ఉందని, అయితే దానికి వేరే కథ ఉందని మిస్ మక్‌ఆస్కిల్ అంది. ఇద్దరూ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూసి నవ్వుకున్నారు. తర్వాత ఆమె చేతిలోకి సన్నటి ఎర్రకాడ ఒకటి వచ్చింది. కొండ గోడ గేటు గడియ కోసం తడుముతుంటే రాళ్ళసందులో చేతికి తగిలిందని, మిగతావాటితో పాటు తెచ్చానని చెప్పింది.

బేహక్ టీ కప్పు కింద పెట్టింది.

అడిగితే చాలు, ఆమె ఇచ్చేస్తుంది. కానీ అడగడమంటే వెతకడమే. ఓయ్‌రిగ్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"దీన్ని మీరేమంటారు?" అని మిస్ మక్‌ఆస్కిల్ అడిగింది.

"చంకపువ్వు."

"మేమూ అంతే. ఆ పేరెందుకొచ్చిందంటారు?"

ఆ కథ భయపడ్డ కాపరి కథ. తమ్ముడు అక్కడే ఉన్నాడు. తనకు తెలియదంది ఓయ్‌రిగ్. మొక్కల విషయంలో ఆమె నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. బేహక్ పైకప్పు వంక చూసింది. వల అల్లే చెయ్యి ఆగింది.

"అక్కకు తెలుసు. నేనున్నానని చెప్పడం లేదు," అన్నాడు రూరీ.

తనే చెప్పాడు. పునీత కోలుంకిల్లె దగ్గర ఒక కాపరి కుర్రాడుండేవాడట. పగలంతా కొండమీద ఒంటరిగా ఉండి ఉండి వాడికి భయం పట్టుకుంది. దెయ్యాల భయమా అని మిస్ మక్‌ఆస్కిల్ అడిగింది.

"దెయ్యాలైతే నయమే. అవి ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఇక్కడ ఎటు చూసినా ఏమీ లేదు. అదీ వాడి భయం."

రూరీ కళ్ళు వల మీదే ఉన్నాయి. సాయంత్రం పునీతుడు వాడి మొహం చూశాడట. ఏమైందని అడగలేదు. కాలి దగ్గరున్న మొక్క తుంచి, వాడి చెయ్యి పైకెత్తి చంకలో పెట్టాడు. ఆ పేరు అలా వచ్చింది.

"భయం పోయిందా మరి?"

"పోయిందని కథలో లేదు. మళ్ళీ ఆవుల దగ్గరకెళ్ళాడని ఉంది."

మిస్ మక్‌ఆస్కిల్ ఆ మాట మెల్లగా తనలో తను మళ్ళీ అనుకుంది. వాన మొదలయ్యేలా ఉందని లేచింది. మొక్కల్ని కాగితాల మధ్య పరిచి, అట్టలు పెట్టి, పట్టీలు బిగించింది. బేహక్ బల్లకింద ఓయ్‌రిగ్ కాలు తొక్కుతూనే ఉంది. ఓయ్‌రిగ్ అడగలేదు. చంకపువ్వు ఎడిన్‌బరో వెళ్ళిపోయింది.

తలుపు పడ్డాక బేహక్ విరుచుకుపడింది. గడప తొక్కి వచ్చినదాన్ని సాగనంపిన మనిషిని తన జన్మలో చూడలేదంది. రూరీ వల పక్కన పెట్టాడు.

"వేసవంతా నువ్వు ఆకాశం చూసుకుంటూ నడుస్తుంటే నాకు తెలియదనుకున్నావా? కిటికీ ఉంది కదా ఈ ఇంటికి."

ఓయ్‌రిగ్ బల్లమీది కప్పులు తీయసాగింది.

"ఎవరికోసం, నాకోసమా?"

నీకోసమే అని ఉంటే అతను మళ్ళీ వల అందుకుని ఉండేవాడేమో. ఆమె కప్పులు కింద పెట్టింది.

"నాకోసం. నాకు వెళ్ళాలని ఉంది రూరీ."

పొద్దున ఆవుల్ని గేటుదాకా తను తోలతానని అతను అన్నాడు. గేటుదాకా నేనూ తోలగలను, అదేం ఘనకార్యమని బేహక్ అంది. గేటుకు అవతలి వైపుదాకా అని రూరీ చెప్పాడు.

మొదటిరోజు గేటు దాటి కాస్త దూరంలోనే గడ్డిమీద కూర్చుండిపోయాడు. ఆవులు అతని చుట్టూ చేరి మేశాయి. వాటి మధ్య ఉన్నంతసేపూ నాలుగు వైపులా ఏదో ఒకటి అడ్డంగా ఉంటుందని అతనికి అప్పుడు తెలిసింది. ఇక లేచి, ఒక ఆవు వీపుమీద చెయ్యి వేసి, మందతోపాటే కదలడం నేర్చుకున్నాడు. కొన్ని రోజులు మధ్యాహ్నానికే తిరిగొచ్చేవాడు, చొక్కా తడిసిపోయి ఉండేది. కొన్ని రోజులు సాయంత్రం దాకా ఉండేవాడు. మంద నుంచి ఏ ఆవైనా విడిపోతే మాత్రం దాని వెంట వెళ్ళలేడు. అది ఓట్స్ చేలో పడితే గొడవయ్యేది. టోర్మడ్ తిట్టుకుంటూ వెళ్ళి తోలుకొచ్చేవాడు. పువ్వు ఇంట్లోకి రావడమే చాలిందని బేహక్ అందరికీ చెప్పింది. ఏ పువ్వు, పనిచేసింది ఆవులూ నేనూ అని టోర్మడ్ అన్నాడు.

అక్టోబరులో ఊరు కూడింది, వచ్చే ఏడు కాపరి ఎవరని. ఓయ్‌రిగ్ తలుపు దగ్గర నిలబడింది. రూరీ లోపల గోడకు ఆనుకుని ఉన్నాడు. టోర్మడ్ లేచాడు.

"రూరీయే. తప్పిపోయిన ఆవును నేను తెస్తా. తెచ్చినప్పుడల్లా తిడతా. ఒప్పుకుంటే చెప్పండి."

ఒప్పుకున్నారు. ఓయ్‌రిగ్ పెళ్ళి మార్టిన్ పండుగ వారంలో జరిగింది. ఆమెను ఎరిస్కే పడవ ఎక్కించడానికి ఊరంతా ఒడ్డుకు వెళ్ళింది, రూరీ తప్ప. అతను ఇంటి గుమ్మంలోనే అక్క చెయ్యి పట్టుకుని, ఆవులకు ఆలస్యమవుతోందని చెప్పి, కర్ర తీసుకుని కొండవైపు బయల్దేరాడు.