అక్క చేసిన పడవ కార్డు

ఇవాళ అమలాపురంలో ఒక ఆఫీసుకి వెళ్తే స్టాంపు ప్యాడ్ సిరా వాసన తగిలింది. చిన్నప్పుడు మీ వేళ్ళకీ ఆ ఊదారంగు అంటుకునేదా?

నాన్నగారు కువైట్‌లో ఉండేవారు. మావయ్య ఇచ్చిన రబ్బరు స్టాంపులతో అక్క ఆయన పుట్టినరోజుకి కార్డు చేసింది. పడవ, సైకిలు, మెలితిప్పిన మీసం. పువ్వు ఒక్కటీ లేదు, అచ్చం మగవాళ్ళ కార్డు. "చిన్నదానివి, పాడుచేసేస్తావే" అని నన్ను స్టాంపులు ముట్టనివ్వలేదు. కుళ్ళు ఆపుకోలేక, అక్క లోపలికెళ్ళగానే బొటనవేలు సిరాలో అద్ది పడవ మీద నొక్కేశాను. అక్క ఎంతో ఏడ్చింది. వేరే అట్ట లేక అమ్మ దాన్నే పోస్టు చేయించింది.

సెలవుకి వచ్చిన నాన్నగారు పెట్టెలోంచి ఆ కార్డు తీశారు.

"ఈ బుల్లి వేలు ఎవరిదమ్మా? అక్కడ రోజూ దీన్నే చూసుకునేవోణ్ణి."

"నాదండీ" అన్నాను.

అక్క మొహం వాడిపోయింది. నేను జాలిపడాల్సింది. అక్క వైపు చూస్తూనే వెళ్ళి నాన్నగారి ఒళ్ళో కూర్చున్నాను.