నాడీకణాల జిగురు, మా అత్త గాజులు

ఎమ్మెస్సీలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో ఏదీ లేదనిపించేది. (తెలియనిది ఎంత ఉందో తెలియడానికి తర్వాత పీహెచ్‌డీ చెయ్యాల్సి వచ్చింది.) హన్మకొండలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. వీధి గదిలోనే అత్త గాజుల దుకాణం. ఎంత బిగుతు గాజైనా నొప్పి తెలియకుండా తొడుగుతుందని ఆమెకు పేరు. పరకాల నుంచి కూడా పెళ్లివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక చెయ్యి కాస్త లేచేది గాని, వేళ్లు మాట వినేవి కావు. పిసకమని డాక్టర్ ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి దొర్లించి, "ఇగ దుకాణం బందువెట్టుడే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

సరిగ్గా అప్పుడే నేను నాడీకణాలు ఒకదాన్నొకటి ఎలా అంటిపెట్టుకుంటాయన్న దాని మీద సెమినార్‌కి తయారవుతున్నాను. ఊరుకుంటానా? మంచం పక్కన కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టాను. "అత్తా, మెదడుల కొన్ని కణాలు పోయినా, మిగిలినయి కొత్తగ జత గలుస్తయి. వాటి పైపొర మీద జిగురు లాంటి అణువులుంటయి. ఇటు కణానివి అటు కణం మీదున్న వాటిని పట్టుకొని, రెండింటినీ దగ్గరగ నిలబెడ్తయి." అత్త దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. కానీ గుమ్మంలో నిలబడ్డ మామకు అందులో ఒకే ఒక్క మాట వినిపించింది: జిగురు. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో బెండకాయ పులుసు, బెండకాయ వేపుడు, పొద్దున్నే పరగడుపున బెండకాయలు నానబెట్టిన నీళ్లు. చివరికి అత్త గ్లాసు నెట్టేసి, "నీ సదువు పాడుగాను కోడలా! జిగురు మెదడుకు పోతాందో లేదో గని, నా నోరైతే అతుక్కపోతాంది!" అని లేచి కూర్చుంది.

"తింటే వచ్చే జిగురు గాదత్తా, కణాలే తయారు చేసుకుంటయి. వాడే జతను గట్టిగ పట్టుకుంటయి, వాడనిదాన్ని ఇడిసిపెట్టి కొత్త జత ఎతుక్కుంటయి. చెయ్యి పనిజేస్తనే దేన్ని ఉంచాల్నో వాటికి తెలుస్తది."

"అంటే పట్టుకునుడే గాదు, ఇడుసుడు గూడ ఉండాలె?"

"ఆ, రెండూ ఉండాలె."

"మరి ఆ బంతెందుకే? నీ చెయ్యిటు తే."

అలా నా ఎడమచెయ్యి వ్యాయామశాలైపోయింది. రోజూ సాయంత్రం దుకాణంలో అత్త నాకు తొడగబోతుంటే గాజులు పటపటా విరిగేవి. మామ చీపురుతో ముక్కలు ఊడ్చేవాడు. నా మణికట్టు మీద గీతలు చూసి, పిల్లిని పెంచుతున్నావా అని క్లాసులో అడిగేవారు. అత్తకు కోపం వచ్చేది, ఏడుపు వచ్చేది, మళ్లీ ఇంకో గాజు తీసేది.

సెమినార్ రోజు ఉదయం నేను గడప దాటబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కుడిచేతి వేళ్లు నెమ్మదిగా నా బొటనవేలిని లోపలికి మడిచాయి, అరచేతిని ఒత్తాయి. నా సైజుకన్నా చిన్న గాజు సర్రున జారి మణికట్టు మీదికొచ్చింది. విరగలేదు. రెండోది తొడిగింది, మూడోది తొడిగింది. ఆనందం పట్టలేక మోచేయి దాకా నింపేసింది. మామ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"అత్తా, ఇగ తియ్యి, సెమినార్ ఉన్నది."

అత్త కాసేపు తంటాలు పడి, నవ్వాపుకోలేక, "తొడుగుడు వచ్చింది గని, తీసుడు ఇంక రాలే బిడ్డా!" అంది.

తెరవైపు చెయ్యి చూపినప్పుడల్లా గలగలమంటూనే పాఠం చెప్పాను. "గాజులు తీసేసి చెప్పమ్మా" అన్నారు సార్. రావట్లేదన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఎందుకు రావట్లేదో చెప్పాక మాత్రం సార్ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "మొదటి నుంచి చెప్పు" అన్నారు.

అత్త దుకాణం మళ్లీ తెరిచింది. మునుపటి వేగం లేదు గాని, వచ్చినవాళ్లు ఆ కాస్త ఆలస్యంలో కబుర్లు చెప్పుకుని పోతున్నారు. నేనిప్పుడు అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను. ప్రతి వాక్యానికీ ఒక 'బహుశా' తగిలించి మరీ చెబుతాను. ఒక్క ఉపన్యాసంతో పడిపోయిన చెయ్యి లేపుదామనుకున్న ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. ఒక్కోసారి మాత్రం దాన్ని వెనక్కి పిలిచి, 'ఇవాళ నా బదులు నువ్వే చెప్పవే' అనాలనిపిస్తుంది.