మొత్తంలో ఒకరు ఎక్కువ

అచ్చాఫీసులో అందరూ ఆయన్ను కామాగారు అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరుపట్టీలోనూ, ఆయన ప్రూఫులు దిద్దిన పుస్తకాల చివరి పేజీలోనూ మాత్రమే కనిపించేది. ఎంత చిన్న కామా తప్పిపోయినా ఇట్టే పట్టుకునే మనిషి. అటువంటి మనిషి తన బతుకులో ఎంత పెద్ద తప్పు వదిలేశాడో చెబుతాను వినండి.

పదేళ్లకోసారి ఆ అచ్చాఫీసుకు జనాభా పుస్తకం వచ్చేది. రాష్ట్రంలో ఉన్న పట్టణాలన్నీ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా ఉంటాయి. మగవారెందరు, ఆడవారెందరు, మొత్తం ఎంత, పదేళ్లలో పెరిగిందా తరిగిందా, అన్నీ అంకెలే. అంకెల ప్రూఫు ఒక్కరి కంటితో అయ్యే పని కాదు. ఒకరు అసలు కాగితం చూసి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టుకుని వినాలి. వరస పూర్తి కాగానే చదివేవారు పెన్సిలుతో బల్ల మీద ఒకసారి కొట్టాలి.

మొదటి పుస్తకం వచ్చినప్పుడు ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. చదవడానికి వచ్చినావిడకు ఇరవై ఆరు. కాగితాలు ఎగిరిపోతాయని కిటికీ మూసేసిన గదిలో, నాలుగు నెలలు ఎదురెదురుగా కూర్చున్నారు. మాట్లాడుకున్న మాటల్లో నూటికి తొంభై అంకెలే. మిగతా పదీ మంచినీళ్లు, రబ్బరు, కరెంటు పోవడం. అయినా రెండో నెలకే ఆయనకు అన్నం తింటున్నా ఆ గొంతే వినబడేది.

ముప్పై ఒకటో వరస దగ్గర ఆవిడ ఆగి, "నలభై ఒక్క వేలు. ఇది మా ఊరండీ. ఒక్కరు తగ్గినా ఊరుకోను," అంది.

పుస్తకం పూర్తయిన వారానికే ఆవిడ తండ్రి మంచం పట్టాడు. చూసే దిక్కు లేదు. ఆవిడ ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు గేటు దగ్గర సంచీ కింద పెట్టి, ఆయన మొహంలోకి చూసి, "ఇంకేమైనా సరిచూడాలాండీ?" అని అడిగింది.

"లేదండీ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి," అన్నాడు ఈ మహానుభావుడు.

ఏం సరిగ్గా ఉన్నాయి, నా మొహం! ఆవిడ సంచీ ఎత్తుకుని బస్సెక్కింది.

ఆ తర్వాత ఉత్తరం రాయలేదా అంటే, రాశాడు. ఒకటి కాదు, లెక్కలేనన్ని. రాసిన ప్రతిదాన్నీ ప్రూఫు చూసినట్టు చూసేవాడు. ఈ మాట ఎక్కువైంది, కొట్టివేత. ఇది అడగడం మర్యాద కాదు, కొట్టివేత. చివరికి "మీరు క్షేమమని తలుస్తాను" అన్న ముక్క మాత్రం మిగిలేది. ఇంతోటి దానికి స్టాంపు దండగ అనుకుని చింపేసేవాడు. పక్క వీధిలో కాపురముండే అక్క అన్నం గిన్నె తెచ్చి పెడుతూ, "ఒరేయ్, అడగందే అమ్మయినా పెట్టదురా," అని నెత్తీ నోరూ కొట్టుకునేది. సంబంధాలు తెచ్చింది, ఆయన వద్దన్నాడు. తెచ్చీ తెచ్చీ అక్కా విసిగిపోయింది.

పదేళ్లకు రెండో పుస్తకం వచ్చింది. ఊళ్ల నుంచి వచ్చిన కట్టల్లో ఆవిడ ఊరి కాగితం చూడగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ అంకెలు ఆవిడ చేతివే. అంటే అక్కడి మునిసిపల్ ఆఫీసులో లెక్కలు రాస్తోందన్నమాట. ఎక్కడైనా తప్పు కనబడితే ఆ ఊరి ఆఫీసుకు చీటీ రాసి అడగడం అచ్చాఫీసు పద్ధతి. ఆవిడకు రాయడానికి అంతకంటే గౌరవమైన దారి ఏముంటుంది? ఆ కాగితాన్ని ఏడుసార్లు కూడాడు. ఒక్క తప్పూ లేదు. మూడో పుస్తకంలోనూ అంతే. ప్రూఫులు దిద్దే మనిషి తప్పు కోసం మొహం వాచిపోవడం ఎక్కడైనా విన్నారా?

ఈలోగా రాజధాని చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుని రెండింతలైంది. నిన్నమొన్నటి పల్లెలు పట్టణాల వరసలోకి ఎక్కాయి. ఆవిడ ఊళ్లో మాత్రం నూలు మిల్లు మూతపడి, జనం మూటాముల్లె సర్దుకున్నారు. ఊరు వరసలో కిందికి జారుతూ పోయింది. అది జారినప్పుడల్లా ఆయనకు ఆవిడ ఇంకాస్త దూరమైపోతున్నట్టు ఉండేది.

నాలుగో పుస్తకం నాటికి ఆయనకు యాభై ఎనిమిది. నెలాఖరుకు ఉద్యోగం ఆఖరు. ఈసారి ఊళ్లన్నీ టైపు కాగితాలే పంపాలని పైనుంచి ఉత్తర్వు. ఆవిడ చేతి రాత చూసే భాగ్యం కూడా పోయింది. ఇప్పుడు చదివేవాడు అంకెలన్నీ ముక్కుతో చదివే మనిషి. ఆ మనిషి చదివాడు. నలభై ఆరో వరస, ఆవిడ ఊరు. మగవారు పద్నాలుగు వేల రెండు వందల ఆరు. ఆడవారు పద్నాలుగు వేల మూడు వందల ఎనభై తొమ్మిది. మొత్తం ఇరవై ఎనిమిది వేల ఐదు వందల తొంభై ఆరు.

కామాగారు కూడి చూశాడు. తొంభై ఐదు రావాలి. ఒకరు ఎక్కువ.

ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే ఇంకో సంగతి తట్టింది. ఆవిడ ఉండగా తప్పెలా వస్తుంది? అంటే ఆవిడ ఆ కుర్చీలో లేదు. అసలు ఉందో లేదో!

పేజీలు మర్నాడే మిషనెక్కాలి. చీటీకి వ్యవధి లేదని ఫోర్‌మన్ ఫోన్ చెయ్యమన్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ ఊరి నంబరు తిప్పాడు.

"మునిసిపల్ ఆఫీసండీ."

కాస్త బొంగురుపోయింది గానీ అదే గొంతు. "నలభై ఆరో వరసండీ. మొత్తం కుదరలేదు," అన్నాడు.

అటువైపు కాగితం తీసిన చప్పుడైంది. "చదవమంటారా?" అంది. చదివింది. మగవారు, ఆడవారు, మొత్తం. "రెండు, ఎనిమిది, ఐదు, తొమ్మిది, ఐదు." చివర పెన్సిలుతో బల్ల మీద ఒకసారి కొట్టింది.

"ఇక్కడ ఆరని ఉందండీ."

"తెలుసు. టైపు చేసింది నేనేగా."

"పొరపాటా?"

"నా పొరపాటు ఎప్పుడైనా చూశారా మీరు? పుస్తకం చివర మీ పేరు చూసుకుంటూనే ఉన్నాను. రెండు పుస్తకాల పాటు మీ చీటీ కోసం ఎదురుచూశాను. తప్పుంటే గానీ మీరు పలకరించరని బుద్ధొచ్చింది. అందుకే సిగ్గు విడిచి ఒక తప్పు పెట్టాను."

"నేనూ వెతికానండీ. మీరు ఒక్కటీ ఉంచలేదు," అన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"మీరు చూసే కాగితంలో తప్పు ఉంచబుద్ధి కాలేదు," అంది ఆవిడ. "నాన్న పోయి ఎనిమిదేళ్లయింది. మూడు గదుల్లో ఒక్కదాన్నే."

"ఆ ఎక్కువైన ఒకరు ఎవరండీ?"

"అది కూడా నేనే చెప్పాలా? ఆ ఆరు కొట్టేయండి. మనిషి రాకుండా లెక్కలో వెయ్యకూడదు."

ఆయన ఆరు కొట్టేసి, పక్కన ఐదు వేశాడు.

ఆ ఊరి జనాభా ఇరవై ఎనిమిది వేల ఐదు వందల తొంభై ఐదుగానే అచ్చయింది. కామాగారు సరిచూసిన ఆ అంకె నెల తిరక్కుండానే తప్పయింది. పుస్తకం బైండింగుకు వెళ్లిన రోజున ఆయన పెట్టె పట్టుకుని ఆ ఊళ్లో బస్సు దిగాడు.