ఏం వద్దన్న రెండేళ్ళు

పరాయి దేశంలో, సెంబవాంగ్ అనే పేటలో, మా బ్లాకులో నాకు ఉద్యోగం లేదన్న సంగతి తెలియనిది బహుశా లిఫ్టుకు ఒక్కదానికే. ఊరంతా కంప్యూటర్ ఉద్యోగాల మోత మోగుతున్న రోజులవి. కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న రెండువేల సంవత్సరం గండం గడిచేదాకా నేను నేర్చిన పాత కోబాల్ ప్రోగ్రామింగ్‌కు రాజభోగమే జరిగింది. గండం గడవగానే సైన్స్ పార్కులోని మా కంపెనీ నవ్వుతూ చేయి కలిపి నన్ను ఇంటికి పంపించేసింది. రెండేళ్ళు గడిచిపోయాయి. నా భార్యకు బ్యాంకులో ఉద్యోగం ఉంది కాబట్టి పొయ్యి వెలిగింది.

పోయింది జీతమొక్కటే అనుకున్నాను మొదట్లో. ఒట్టి మాట. ముందు రోజూ గడ్డం గీసుకోవడం పోయింది, తరవాత ఇస్త్రీ చొక్కా పోయింది. ఆకలి మాత్రం ఉండేది, ఫలానాది తినాలన్న కోరికే పోయింది. ఆఫీసు నుంచి బయల్దేరుతూ నా భార్య ఫోన్ చేసేది.

"ఏవండీ, వచ్చేటప్పుడు ఏమైనా తేనా?"

"ఏం వద్దు."

సంపాదించనివాడికి కోరికలేమిటని నా నోరు నేనే కట్టేసుకున్నాను. ఆ మాట నన్ను ఎవరూ అనలేదు, ఆవిడ అసలే అనలేదు.

ఖాళీగా ఉన్నానని మాత్రం అందరూ అన్నారు. ఎవరింటికి ఏసీ మెకానిక్ వచ్చినా కాపలా నేనే. పై అంతస్తులో మా తెలుగువాళ్ళందరికీ పెద్దరికం వెలగబెట్టే ఒకాయన ఉండేవాడు. హైదరాబాద్ నుంచి కొత్త ఉద్యోగాల్లో చేరడానికి దిగే కుర్రాళ్ళను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చే పని నాకు అంటగట్టాడు. నాకు రాని ఉద్యోగాలకు వచ్చినవాళ్ళ పెట్టెలు నేను మోశాను, చూడండి! నా అవసరం ఎవరికో ఒకరికి ఉంది కదా అని సంతోషంగానే మోశాను కూడా.

చాలా నెలల తరవాత ఒక ఇంటర్వ్యూ కబురు వచ్చింది. సోమవారం పొద్దున్న, మళ్ళీ సైన్స్ పార్కులోనే. ఆదివారం మధ్యాహ్నం ఆ పై అంతస్తు పెద్దమనిషి తలుపు కొట్టాడు.

"గురూ, రేపు మార్నింగ్ ఫ్లైట్‌కి మా అత్తగారూ మామగారూ దిగుతున్నారు. నువ్వెళ్ళి తీసుకొచ్చెయ్."

"రేపు కుదరదండీ, ఇంటర్వ్యూ ఉంది."

"అబ్బా, నీకు ఇంటర్వ్యూలు మామూలేగా! టైం మార్చమను. నేనంటే లీవ్ పెట్టలేను, నువ్వంటే ఖాళీ."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"అయితే టాక్సీ ఎక్కించండి. వాళ్ళు మీకు అత్తమామలు, నాకు కాదు."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "ఉద్యోగం సద్యోగం లేకపోయినా ఇంత పొగరా?"

"పొగరే! ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందా అని నేనూ వెతుక్కుంటున్నా" అని తలుపు వేసేశాను. భలే హాయిగా అనిపించింది.

మర్నాడు గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాను. ఇంటర్వ్యూ చేసినతను నాకన్నా బాగా చిన్నవాడు. ఈ రెండేళ్ళూ ఏం చేశారని అడిగాడు. ఇదివరకు ఈ ప్రశ్నకు ఏవో చిన్న చిన్న ప్రాజెక్టులని నీళ్ళు నమిలేవాణ్ణి. ఈసారి నమల్లేదు.

"ఉద్యోగం వెతికాను. పొమ్మన్నాక కూడా వెళ్ళి అడిగాను. ఇంత ఓపిక కావలసిన పని నాకు ఏ కంపెనీ ఇవ్వలేదు."

అతను నవ్వలేదు. జీతం ఎంత కావాలన్నాడు. ఎంతిస్తే అంతే చాలనడం నాకు బాగా అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం నా పనికి ఎంత తగునో అంతా అడిగాను.

ఆ ఉద్యోగం రాలేదు. వేరే చోట, వేరే పని దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కానీ నేను చెప్పదలచుకున్నది ఆ సోమవారం సాయంత్రం గురించి. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో అడగడానికి భయపడి, నా భార్య ఫోన్‌లో రోజూ అడిగేదే అడిగింది.

"ఏవండీ, ఏమైనా తేనా?"

"గోంగూర తే. టెక్కా మార్కెట్‌లో దిగి చూడు. నిన్నటి ఆకు అంటగడతాడు, తీసుకోకు, లేతది ఏరుకో. ఎండుమిరపకాయలు కూడా తే. పచ్చడి నేనే నూరుతాను. నాకు తినాలని ఉంది."

అవతల స్టేషన్లో రైలు వస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇంకా?" అంది.

"ఇంకా చాలా ఉన్నాయి" అన్నాను. "రాసుకో."