నూనె తల, కదలని కాగితాలు

ఆ రోజుల్లో రాజపాళయంలోని మా ఇంటికి ఏ వార్తయినా ముందు మా చిన్నమ్మ నోటి నుంచే వచ్చేది, ఆమె షేర్ ఆటో దిగీ దిగకముందే. ఆ వార్తా అంతే. “ఏమే, చోళపురం పెద్దనాయన శుక్రవారం వస్తాడంట. నీ పుస్తకంలో ఉండేది ఒకటైనా చేసి చూపిస్తే ప్లస్ టూ పరీక్ష రాయనిస్తాడంట. లేకుంటే తైయల్ క్లాసుకే!” తైయల్ అంటే అరవంలో కుట్టుపని. (అప్పటికే నేను కుట్టిన ఒక గలీబు ఇంట్లో ఉండేది. అందులోకి ఏ దిండూ దూరలేదు.) చిన్ననాటి ఆయాసం వల్ల నేను బడి గడప తొక్కలేదు. స్పిన్నింగు మిల్లులో షిఫ్టు ముగించుకుని, మీసాల మీద కూడా దూది నూగుతో వచ్చి, నాయనే నాకు పాఠం చెప్పేవాడు. అంతటి నాయన కూడా తన అన్న మాటకు ఎదురు చెప్పడు.

ఉన్నవాటిలో తేలికైన పాఠమే ఎంచుకున్నాను. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకోవాలి. రాపిడికి దువ్వెనకు విద్యుదావేశం వస్తుంది, దాని చుట్టూ కంటికి కనబడని క్షేత్రం ఏర్పడుతుంది, అది తాకకుండానే లాగుతుంది. తాకకుండా లాగడం దేవుడి పనిలాగే ఉందని ఆ పాఠం చదివిన రోజు దండం కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు దువ్వాను, దువ్వాను, నెత్తి మండేదాకా దువ్వాను. కాగితాలు మాత్రం విందు భోజనం చేసి పడుకున్న చుట్టాల్లా కదల్లేదు. “పేన్లు పట్టినాయా మే?” అంది చిన్నమ్మ. నాయనకు ఒకటే నవ్వు. “మా మిల్లులో ఈ పీడ రాకూడదని గాలిలోనే తడి చల్లుతాము. గాలి ఎండిందంటే దూదంతా మిషనుకు అతుక్కుంటుంది. నువ్వేమో దాన్నే రా రా అని మొక్కుతావు!”

అప్పుడు వెలిగింది నాకు. పొడిగా ఉండాలి! నా తల ఏనాడు పొడిగా ఉంది గనక? మా అవ్వ లెక్కలో కొబ్బరినూనె జడ కొస నుంచి జాకెట్టు మీదికి కారితేనే తలకు పెట్టినట్టు. ఈ ఒక్క శుక్రవారం వద్దని బతిమాలాను. “శుక్రవారం పూట ఆడపిల్ల తలకు నూనె లేకుండానా? ఎవరు చచ్చినారే ఇంట్లో?” శుక్రవారం తెల్లవారే సీకాయతో తల రుద్దుకుని, దీపం ముందు కళ్లు మూసుకున్నానో లేదో, నడినెత్తి మీద చల్లగా ఒక అరచేయి. “అవ్వా!” “సామి ముందర అరవకూడదు కణ్ణు, నా కంటిపాపవు గదా.” మళ్లీ రుద్దుకున్నాను. మళ్లీ వచ్చింది చేయి. అవ్వతో అనలేనివన్నీ ఆ పూట సామితోనే చెప్పుకున్నాను. (ఆయన ఓపికకు ఈనాటికీ రుణపడి ఉన్నాను.)

పెద్దనాయన వచ్చి, కుర్చీలో కూర్చుని, కాఫీ అందుకుని, “చూపించమ్మా” అన్నాడు. దువ్వాను. దువ్వెన జిడ్డుతో మెరిసింది. కాగితాలు మెరిసే దాన్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. “దీనికేనా ఇన్నేళ్ల చదువు?” అని ఆయన నాయన వైపు తిరిగాడు. నా కళ్ల ముందు కుట్టుమిషను చక్రం తిరగడం మొదలైంది.

అంతవరకూ తలమీద కొంగు కప్పుకుని మూల కూర్చున్న అవ్వ లేచి వచ్చింది. “దాని తలకు నూనె పెట్టింది నేను. పిల్లను ఏమీ అనొద్దురా,” అని కొంగు తీసి, దాంతోనే దువ్వెన జిడ్డంతా తుడిచి నా చేతికిచ్చి, కొప్పు విప్పింది. గుప్పున సాంబ్రాణి వాసన. ఆ తెల్లజుట్టులో చుక్క నూనె లేదు. పొద్దున్నే సీకాయతో కడిగి, నిప్పుల మీద సాంబ్రాణి పొగ పట్టి, గలగల ఆరబెట్టుకుంది. “ముసలిదాని తల ఎవరు చూస్తారు? దువ్వవే.”

దువ్వాను. చిటపటమంది. దువ్వెన దించుతుండగానే కాగితం ముక్కలు ఎగిరి పట్టుకున్నాయి. నాయన చొక్కా మీది దూది నూగు కూడా లేచి వచ్చింది. అవ్వ వెంట్రుకలు దేనికది విడిపోయి గాలిలో నిలబడ్డాయి. “అన్నిటికీ ఒకే రకం చార్జి పెద్దనాయనా, అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటాయి!” అని అరిచాను. “మేము అక్కచెల్లెళ్లమూ ఇట్లనే ఉంటిమి,” అంది అవ్వ. పెద్దనాయన కాఫీ గ్లాసుతో సహా వెనక్కి జరిగాడు. “అమ్మా, నీ తలలోకి కరెంటు వచ్చేసింది! ముందు నూనె పెట్టుకో!”

“ముందు పిల్లను పరీక్ష రాయనిస్తావా, అది చెప్పరా.”

“రాయనీమ్మా, రాయనీ! నువ్వు నూనె పెట్టుకో!”

ఇప్పుడు బడికి పోలేని పిల్లలు కొందరు మా ఇంటికే వస్తారు, వాళ్లకు నేను ఈ పాఠం చెబుతాను. నా తల మీద ఆ ప్రయోగం ఈనాటికీ పనిచేయదు, నూనె అలవాటు అలాంటిది. దీపం ముందు పళ్లు కొరుకుతూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ నెత్తి మీద ఇంకోసారి ఆ చేయి పడితే బాగుండుననిపిస్తుంది. మీ ఇంట్లో ఎప్పుడైనా దువ్వెనకు ఒక కాగితం ముక్క ఎగిరి అంటుకుంటే, నా తలకు నూనె మానకుండా, తన తలకు మానుకున్న మా అవ్వను ఒక్కసారి తలుచుకోండి.