దండెం వైరు

మా ఇంట్లో వైరు ముక్క పారేయడం ఎవరికీ చేతకాదు. బోరు ఎండిపోతే మోటారు పైకి లాగి చేనుకు తీసుకుపోతారు, వైరు మాత్రం గోడకే వేలాడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందట. నకిరేకల్ పక్కన మా ఊళ్లో ఏ ఇంటికి పోయినా ఇదే వరస. పాత కూలరు వైరు, తీసేసిన డిష్షు వైరు, ఎవరి పెళ్లికో లైట్లేసినప్పటి వైరు, అన్నీ మేకులకు చుట్టి ఉంటాయి. వాటిలో దేనిలో కరెంటు ఉందో, దేనిలో లేదో అడిగితే ఒక్కరూ చెప్పలేరు.

మా వాకిట్లో బోరు తెలంగాణ వచ్చిన తర్వాత ఒక ఎండాకాలం అడుగంటింది. మోటారు చేనుకు పోయింది. ఇంటి గోడ నుంచి బోరు పక్కన పాతిన రాతి కడీ దాకా సాగిన నల్ల వైరు అట్లాగే ఉండిపోయింది. అమ్మ దాన్ని దండెం చేసుకుంది. అంతకుముందు బట్టలు ఇనుప తీగ మీద ఆరేసేది. బాపు తెల్ల ధోవతులకు తుప్పు మరకలు అయ్యేవి. చిన్న మరక కనిపించినా బాపు ఆ పూటంతా ముఖం మాడ్చుకునేవాడు. ప్లాస్టిక్ తొడుగున్న వైరుతో ఆ బాధ లేదు.

"కరెంటు వైరు మీద బట్టలేందమ్మా?" అని ఇంటికి వచ్చినప్పుడల్లా కయ్యానికి దిగేదాన్ని.

"మోటరే లేకపాయె, బోర్ల నీళ్లే లేకపాయె. దాంట్లకు కరెంటు యాడికెళ్లొస్తది బిడ్డా? నీకన్నీ ఫికర్లే" అని నవ్వేది అమ్మ.

మా ఊళ్లో ఎవరినడిగినా అనే మాటే అది. నీళ్లు పోయాయి కాబట్టి కరెంటూ పోయినట్టే లెక్క. వైరు రెండో కొస ఇంటి బోర్డులోనే ఉందని, అక్కడ దానికొక స్విచ్చు ఇంకా ఉందని ఎవరికీ తట్టదు. నాకున్నదీ భయమే తప్ప తెలివి కాదు. తెలిస్తే ఊరుకునేదాన్నా?

అమ్మ పోయింది వానాకాలంలో, పొద్దున. ముసురు కాస్త తెరిపిచ్చిందని బట్టలు పిండుకుని వాకిట్లోకి పోయింది. అప్పటికి కరెంటు లేదు. కాసేపటికి కరెంటు వచ్చింది. తడి చీర దండెం మీద వేస్తూ అమ్మ అక్కడే కూలిపోయింది. పక్కింటివాళ్లు ఉరికొచ్చి మెయిన్ బంద్ చేశారు గాని, దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు. ఎండలకు ప్లాస్టిక్ పగిలి, లోపలి రాగి ఎప్పుడో బయటపడిందట. ఎవరో గోడ దగ్గర ఆ వైరు కత్తిరించారు. గాలివానకు ఎక్కడి కరెంటో దిగిందని ఊరంతా అంది, మేమూ అదే నమ్మాం. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ముక్కు మీద వేలేసుకుని "ఉత్త వైరే గదా" అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఉత్తదైతే మా అమ్మ ఏది?

దినాలు అయ్యాక కూడా నేను ఇంట్లోనే ఉండిపోయాను. బాపు రోజంతా కరెంటు బోర్డుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గోడ మీద ఏ వైరు కనిపించినా దూరంగా జరిగి నడిచేదాన్ని. నకిరేకల్ నుంచి కరెంటు పనిచేసే ఒకతన్ని పిలిపించి, పనికిరాని వైరు ఒక్కటి కూడా ఇంట్లో ఉండొద్దన్నాను. అతను మెయిన్ బంద్ చేసి, టెస్టరు పెట్టి చూసుకుని, బోర్డు విప్పాడు.

"కొసకు టేపు చుట్టి ఇడిచిపెడితే కాదు చెల్లె. బోర్డు కాడ ఇప్పాలె, ఆడికెళ్లే మొత్తం గుంజెయ్యాలె" అన్నాడు.

కూలరుది తీశాడు, డిష్షుది తీశాడు. మళ్లీ ఎవరూ దేనికీ కట్టకుండా చిన్న ముక్కలు చేసి సంచిలో వేస్తున్నాను. చివరికి బోర్డు కింది మూలనున్న స్విచ్చు మీద వేలు పెట్టి అడిగాడు.

"గిది దేనిది?"

"వాకిట్ల బోరుది."

అతను నా ముఖం చూశాడు. "గిది ఆన్ మీదున్నది చెల్లె."

గాలీ కాదు, వానా కాదు. ఇంట్లో ఎవరో ఆ స్విచ్చు వేశారు. ఆ పొద్దు ఇంట్లో ఉన్నది బాపు ఒక్కడే.

"బాపుకు చెప్పకు అన్నా, నీకు దండం పెడత" అన్నాను.

బాపు నా వెనకే, గడపలో నిలబడి ఉన్నాడు.

"నాకెర్కనే బిడ్డా" అన్నాడు. "ఆ పొద్దు ఫ్యాను తిరుగుతలేదు. కరెంటు పోయిందో, నేనే తప్పు స్విచ్చు ఒత్తిననో తెల్వక అన్నీ ఒత్తిన. ఏది ఒత్తినా ఏం రాలే. గట్లనే ఇడిచిపెట్టి కుర్చీల కూసున్న. జరసేపటికి ఫ్యాను తిరిగింది. కరెంటొచ్చిందని సంబురపడ్డ బిడ్డా. గప్పుడే మీ అమ్మ..."

ఇన్నాళ్లూ ఆ బోర్డుకు ఎదురుగా కుర్చీ వేసుకుని ఎందుకు కూర్చున్నాడో నాకప్పుడు అర్థమైంది.

"మరి బంద్ చెయ్యకపోయినవా బాపూ?"

"ఎన్నిసార్లు లేచిన. దాని మీదికి చెయ్యి పోలే."

కరెంటు పనిచేసే అతను ఆ స్విచ్చు ఊడదీసి, ఖాళీ జాగా మీద ప్లాస్టిక్ బిళ్ల బిగించాడు. బాపు ఆ బిళ్లనే చూస్తూ అడిగాడు.

"మీ అమ్మకు ఎర్కయ్యుంటదా బిడ్డా, ఒత్తింది నేనేనని?"

"లేదు బాపూ" అన్నాను. ఏడుపు ఆపుకుని గట్టిగానే అన్నాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు.

ఆ రోజు నుంచి బాపు ఇంట్లో ఏ స్విచ్చూ ముట్టడం లేదు. పొద్దుగూకినా, నేను వచ్చి లైటు వేసేదాకా చీకట్లోనే కూర్చుంటున్నాడు.